ఫ్లోరెన్స్ కూబియాక్ తుంటి ఎముక

బెర్నడీన్ అబద్ధం చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదాన్ని, మనసారా నమ్మినదాన్ని, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేసి మరీ చెప్పింది. "మా నాన్న ఎవడి డబ్బుకీ చెయ్యి చాపలేదు. ఆయన తప్పుకి ఆయనే కట్టాడు." ఆ ఒక్క మాటతో ఆమె షాపు, షాపు మీద ఆమె ఉంటున్న రెండు గదులు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పీల్చే గాలి, అన్నిటి మీదా ఆశ వదులుకోవలసిన స్థితి వచ్చింది.

బెర్నడీన్ నా భార్య డొలోరెస్‌కి అక్క. డొలోరెస్ పోయి మూడేళ్ళు దాటింది. కళ్ళ ఆపరేషన్ తర్వాత బెర్నడీన్ కారు నడపడం మానేసింది. పాఠాలు చెప్పడం మానేశాక నాకు కారు నడపడం తప్ప వేరే పని మిగల్లేదు. అందుకని ఆమె వెళ్ళవలసిన ప్రతిచోటికీ నేను తోడు వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిచోటా ఆమె పోట్లాడేది, నేను ఆమె కోటు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉండేది.

సౌత్ బెండ్ ఊళ్ళో పడమటి వైపు, మా పోలిష్ వాళ్ళ పేటలో, వోయ్‌నార్ క్లీనర్స్ తెలియనివాళ్ళు లేరు. మా మామగారు తాడియస్ వోయ్‌నార్ పెట్టిన డ్రైక్లీనింగ్ షాపు అది. పెళ్ళి సూట్లూ, ఫాదర్ గారి అంగీలూ, శవపేటికలో పడుకోబెట్టేవాళ్ళకి తొడిగే ఆఖరి బట్టలూ అన్నీ అక్కడే శుభ్రమయ్యేవి. మరకలు తీసే ద్రవాన్ని మేమంతా పెర్క్ అంటాం. కొంచెం తియ్యటి వాసన వేస్తుంది. నా భార్య జుట్టులో పెళ్ళయిన కొత్తలో ఆ వాసన ఉండేది, నేనది సబ్బు వాసన అనుకునేవాణ్ణి. బట్టలు తిప్పాక యంత్రం పెర్క్‌నీ నీటినీ విడదీస్తుంది. ఆ నీటిని మురుగు కాలవలో పోయమని యంత్రం తయారుచేసినవాళ్ళే చెప్పారు. మామగారు పోశాడు. అందులో కాస్త పెర్క్ మిగిలే ఉండేదని, షాపు కింద మురుగు పోయే మట్టి గొట్టం పగిలిపోయి ఉందని, మా ఇసుక నేలలో అది దిగిపోయి ఇళ్ళ కిందికి పాకుతోందని అప్పుడు ఎవరికీ తెలియదు.

నిరుడు తెలిసింది. వెనక వీధిలో ఖాళీ స్థలం కొనబోయిన వాళ్ళెవరో నేల పరీక్ష చేయించారు. ఆ వెంటనే రాష్ట్ర పర్యావరణ శాఖ మనుషులు వచ్చి ఇంటింటా బేస్‌మెంట్లలో గాలిని డబ్బాల్లో పట్టుకుపోయారు. నేలలోని పెర్క్ ఆవిరై ఇళ్ళలోకి వస్తోందని తేల్చారు. నేలంతా శుభ్రం చేయించాల్సింది షాపు యజమాని అని ఉత్తర్వు ఇచ్చారు. షాపు అమ్మితే ఆ పని మొదలుపెట్టడానికి కూడా చాలదు.

"దివాలా తీసి చేతులు దులుపుకో" అన్నారు బంధువులు.

"అప్పుడు కింద ఉన్నదాన్ని ఎవడు తీస్తాడు?" అంది బెర్నడీన్.

"ప్రభుత్వం తీస్తుంది. నెమ్మదిగా."

"నెమ్మదిగానా? వెనకింట్లో మొన్న పుట్టిన పిల్ల కాలేజీకి వెళ్ళేనాటికా? అందాకా ఊపిరి పీల్చకుండా ఉండమని చెప్పమంటారా దాని చెవిలో?"

ఆ తర్వాత బంధువులు రావడం తగ్గింది. వచ్చింది గ్రెచెన్ అనే లాయరు, ఇండియానాపొలిస్ నుంచి. ఇలాంటి కేసులే చేస్తుందట. ముప్పై దాటి ఉండవు. లోపలి బట్ట చిరిగిన కోటు ఒకటి వెంట తెచ్చి, ముందు అది కుట్టడానికి ఇచ్చి, అందరిలాగే డబ్బు కట్టి చీటీ తీసుకుని, అప్పుడు కూర్చుంది. ఆ మర్యాద నాకు నచ్చింది. బెర్నడీన్‌కీ నచ్చింది, పైకి చెప్పలేదు.

"మీ నాన్నగారి కాలం నాటి ఇన్సూరెన్స్ పాలసీలు ఉన్నాయా?" అని అడిగింది గ్రెచెన్.

"ఆయన పోయి ఎన్నేళ్ళయిందో తెలుసా? పోయినవాడి ఇన్సూరెన్స్‌తో ఏం చేసుకుంటాను?"

"చాలా చేసుకోవచ్చు. ఇప్పటి పాలసీల్లో కాలుష్యానికి ఇవ్వం అని ముందే రాసేస్తున్నారు. అప్పట్లో అలా రాసేవాళ్ళు కాదు. మీ షాపు వల్ల పక్కవాళ్ళకి నష్టం జరిగితే మేం కడతాం అని ఒప్పుకునేవాళ్ళు. ఏ ఏడు నేలలోకి కారిందో ఆ ఏటి పాలసీయే జవాబు చెప్పాలి, ఇవాళ బయటపడ్డా సరే. పాలసీలకి ముసలితనం రాదు, బెర్నడీన్ గారూ. మనకే వస్తుంది."

"మీకు రావడానికి ఇంకా టైముందిలే" అంది బెర్నడీన్.

పాలసీలు లేవు. ఒక ఏడు పెద్ద వానకి బేస్‌మెంట్ మునిగినప్పుడు పాత కాగితాలన్నీ ముద్దయిపోతే పారేశారు. పాలసీలు అమ్మిన ఏజెంటు హ్యాంక్ డూడెక్ ఎప్పుడో పోయాడు. అతని ఆఫీసులో ఇప్పుడు ఆడవాళ్ళు గోళ్ళకి రంగు వేయించుకుంటున్నారు. కంపెనీ మాత్రం ఉంది, పేరు మార్చుకుంటూ మార్చుకుంటూ షికాగోలో పెద్ద భవనంలో ఉంది. వోయ్‌నార్ పేరుతో తమ దగ్గర ఏమీ లేదని, పాలసీ ఉండేదనడానికి రుజువు చూపించమని జవాబిచ్చింది. కాగితం లేనప్పుడు మనుషుల జ్ఞాపకమే రుజువు. గ్రెచెన్ కోర్టులో దావా వేసింది, అందుకని రెండు వైపుల లాయర్ల ముందు బెర్నడీన్ వాంగ్మూలం.

కంపెనీ లాయరు పేరు విట్‌కోంబ్. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. బెర్నడీన్ కుర్చీ కిటికీ ఎండ కళ్ళలో పడేలా ఉంటే, అడక్కుండానే లేచి పరదా లాగాడు. అలాంటివాడితో పోట్లాడటం కష్టమని నాకు అప్పుడే అనిపించింది.

"మీ నాన్నగారికి మా కంపెనీ పాలసీ ఉండేదంటున్నారు. మీరు చూశారా?"

"హ్యాంక్ డూడెక్ ఏటా జనవరిలో వచ్చి కాఫీ తాగి, నాన్న చేత సంతకాలు పెట్టించుకునేవాడు."

"దేనిమీద సంతకాలు?"

"కాఫీ కప్పు మీద కాదని మాత్రం చెప్పగలను."

వాంగ్మూలం టైపు చేస్తున్న అమ్మాయి తల వంచుకుని నవ్వింది. విట్‌కోంబ్ కూడా నవ్వాడు.

"మంచిది. షాపులో ఎప్పుడైనా ఎవరికైనా దెబ్బ తగిలిందా? మీ నాన్నగారిని పరిహారం అడిగారా?"

అక్కడ బెర్నడీన్ నిటారుగా కూర్చుంది. ఆ కథ మా ఇంట్లో క్రిస్మస్ భోజనం దగ్గర ఏటా వినబడేది, డొలోరెస్ కూడా చెప్పేది. కార్ల ఫ్యాక్టరీ మూతపడిన మరుసటి శీతాకాలం, ఫ్లోరెన్స్ కూబియాక్ అనే ఆవిడ షాపు మెట్ల మీద మంచుకి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. వోయ్‌నార్ దగ్గర డబ్బు పిండుకుంది. ఆ శీతాకాలమంతా పిల్లలు క్యాబేజీ, బంగాళాదుంపలు తిని బతికారు. అప్పటినుంచి రెండు కుటుంబాలకీ మాటల్లేవు. చర్చిలో వోయ్‌నార్‌లు ఎడమ వైపు కూర్చుంటే కూబియాక్‌లు కుడి వైపు కూర్చుంటారు.

"అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ ఏమైనా కట్టిందా?"

"కంపెనీయా?" బెర్నడీన్ గడ్డం పైకెత్తింది. "మా నాన్న ఎవడి డబ్బుకీ చెయ్యి చాపలేదు. ఆయన తప్పుకి ఆయనే కట్టాడు."

గ్రెచెన్ చేతిలో కలం ఆగింది. విట్‌కోంబ్ చాలా మెల్లగా, "థ్యాంక్యూ, మిస్ వోయ్‌నార్" అన్నాడు. పాలసీ ఉన్నవాడు పిల్లలకి క్యాబేజీ పెట్టి సొంత డబ్బు ఎందుకు కడతాడు? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

బయట నడవలో గ్రెచెన్ కంపెనీ ఇస్తానన్న బేరం చెప్పింది. ఒక చిన్న మొత్తం ఇస్తారు. బదులుగా ఇక ఎన్నటికీ ఏ పాలసీ పేరూ ఎత్తనని సంతకం పెట్టాలి.

"ఆ డబ్బుతో ఏమొస్తుంది?"

"ఒకటి రెండు ఇళ్ళ బేస్‌మెంట్లలో ఆవిరి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించొచ్చు. నేలని ముట్టుకోలేం."

బెర్నడీన్ నా చేతిలోంచి కోటు లాక్కుంది. "పాలసీ లేదంటాడు కదా వాడు. లేనిదాన్ని డబ్బిచ్చి ఎందుకు కొంటున్నాడు?"

గ్రెచెన్ ముఖంలో ఆ పూట మొదటిసారి నవ్వు కనిపించింది. "ఆ ప్రశ్నతో కేసు గెలవలేం. కానీ నాకు నచ్చింది."

"వద్దని చెప్పు. మర్యాదగా చెప్పక్కర్లేదు."

అది ఈస్టర్ ముందరి ఉపవాసాల కాలం. శుక్రవారాల్లో మాంసం తినం కాబట్టి చర్చి కింది హాల్లో వేయించిన చేపల భోజనం పెడతారు. పేటంతా వస్తుంది. నేను వడ్డించేవాళ్ళలో ఒకణ్ణి. ఇంట్లో ఒంటరిగా తినడం కంటే పదిమందికి పెట్టి తినడం సులువు. ఆ శుక్రవారం వరసలో నాలుగు కాళ్ళ కర్ర ఊతంగా పట్టుకుని ఫ్లోరెన్స్ కూబియాక్ వచ్చి నా ముందు ఆగింది. ఎనభైకి దగ్గర పడింది. పెదాలకి ఎర్రరంగు మాత్రం మానలేదు.

"ఏం లియో, మీ వదిన లాయర్ల ముందు నా మీద పంచాయితీ పెట్టిందట?"

మా పేటలో ఏ మాటా దాగదు. "పంచాయితీ ఏం లేదండీ. మీ కాలు విరిగిన సంగతి ఏదో..."

"కాలు కాదు, తుంటి. విరగ్గొట్టుకున్నదాన్ని నాకు తెలీదా? ఆ తోక ముక్క వద్దు, నడిమి ముక్క పెట్టు. ఏమందీ, వాళ్ళ నాన్న నాకు డబ్బిచ్చాడందా?"

"ఇచ్చాడనే కదండీ అందరూ..."

"తాడియస్ వోయ్‌నార్ నాకు డబ్బు కాదు కదా, ఒక మంచి మాట కూడా ఇవ్వలేదు." ఆవిడ గొంతు పెంచింది. వెనక నిలబడ్డవాళ్ళు పళ్ళేలు పట్టుకుని ఆసక్తిగా ముందుకి వంగారు. "ఆసుపత్రికి సూటు వేసుకున్నవాడొకడు వచ్చాడు, షికాగో నుంచి. చాక్లెట్ల డబ్బా ఒకటి, చెక్కు ఒకటి తెచ్చాడు. నేనడిగాను, 'తాడియస్ ఏడి? వీధి చివరే కదా వాళ్ళ కొంప. వచ్చి, తప్పయిపోయింది ఫ్లోరెన్స్ అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా?' అని. వాడేమన్నాడో తెలుసా? 'ఆయన రాకూడదమ్మా. వచ్చి తప్పు నాదే అన్నాడంటే మేం డబ్బు కట్టం. అలా అని పాలసీలో షరతు ఉంది' అన్నాడు. చూశావా! మనిషి మంచి మాట చెప్పడానికి కూడా కంపెనీవాడి పర్మిషన్ కావాలట."

నా చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది.

"ఏమిటలా చూస్తావు? సలాడ్ వెయ్యి."

వేశాను. పక్కనున్నతనికి గరిటె అప్పజెప్పి, ఆవిడ పళ్ళెం పట్టుకుని బల్ల దాకా వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "ఫ్లోరెన్స్ గారూ, ఇప్పుడు చెప్పిన మాట ప్రమాణం చేసి చెబుతారా?"

"ఎందుకు చెప్పాలి? నన్ను చూస్తే వీధి దాటి అవతలి పక్కకి నడిచే బెర్నడీన్ కోసమా?"

"మీ ఇల్లు కూడా ఆ పెర్క్ మీదే ఉంది."

"ఉంటే? అడగాల్సింది తను. నువ్వు కాదు. నువ్వు మంచివాడివి లియో, నీతో దెబ్బలాడితే మజా ఉండదు." ఆవిడ చేప తుంచి నోట్లో పెట్టుకుంది. "చాక్లెట్లు మాత్రం బాగుండేవట. అన్నీ మా ఆయనే తిన్నాడు."

మర్నాడు షాపుకి వెళ్ళేసరికి బెర్నడీన్ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. జరిగింది చెప్పాను. ఆవిరి మధ్య నుంచి ఆమె ముఖం సరిగ్గా కనిపించలేదు.

"అంటే మా నాన్న మాతో అబద్ధమాడాడంటావు."

"అది కాదు బెర్నీ..."

"మరేమిటి? మేం క్యాబేజీ తిన్నాం, లియో! డొలోరెస్‌ని అడుగు..." అని ఆగిపోయింది. అడగడానికి డొలోరెస్ లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"ఆ ఏడు పేటంతా క్యాబేజీయే తింది" అన్నాను. "ఫ్యాక్టరీ మూతపడింది. కోట్లు ఉతికించుకునే స్తోమత ఎవరికుంది? మా ఇంట్లోనూ అదే తిన్నాం. అది ఫ్లోరెన్స్ గారి వల్ల కాదు."

"అలా అయితే నేనే కట్టానని నాన్న ఎందుకు చెప్పినట్టు?"

"ఆవిడ మంచంలో ఉంటే, వీధి చివరి నుంచి వెళ్ళి ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆ సంగతి పిల్లలకెలా చెబుతాడు? డబ్బు కట్టానని చెప్పుకుంటే కనీసం మీ ముందు తలెత్తుకోవచ్చు."

ఆమె మళ్ళీ బల్ల మీదికి వంగింది. చొక్కా కాలరు మీద లేని ముడతని వేళ్ళతో చాలాసేపు సరిచేసింది. మామగారు బతికున్నంత కాలం ఫ్లోరెన్స్ ఇంటి ముందు మంచు తెల్లవారకముందే ఎవరో ఎత్తిపోసేవారు. ఎవరో ఎప్పుడూ తెలియలేదు. ఆ మాట చెప్పాలనిపించింది గానీ, నాకు కచ్చితంగా తెలియని దాన్ని ఓదార్పుగా ఇవ్వడం న్యాయం కాదని ఊరుకున్నాను.

"కారు తియ్యి" అంది.

ఎవరింటికైనా ఖాళీ చేతులతో వెళ్ళడం మా వాళ్ళలో లేదు. దారిలో గసగసాల రొట్టె కొందామన్నాను. "లంచమనుకుంటుంది" అంది బెర్నడీన్. ఫ్లోరెన్స్ తలుపు తీసి ముందు మా చేతుల వైపే చూసింది.

"ఖాళీ చేతులతో వచ్చావా?"

"తెస్తే లంచమంటారని."

"అంటాను. తిన్నాక అంటాను." తలుపు ఇంకొంచెం తెరిచింది. "రండి, చలి లోపలికొస్తోంది."

వంటింట్లో కూర్చున్నాం. ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. బెర్నడీన్ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకుంది.

"మా నాన్న తరఫున..." అని మొదలుపెట్టింది.

"వద్దు" అంది ఫ్లోరెన్స్. "ఆ మాట ఆయనది. నీ దగ్గర తీసుకుంటే నాకు సరిపోదు. ఆయన లేడు, వదిలెయ్యి. నేను మాత్రం ఏం తక్కువ తిన్నానా? పంతానికి పోయి ఇన్నేళ్ళూ నా కోటు బస్సెక్కి అవతలి పేట షాపుకి తీసుకెళ్ళాను."

"ఎవరు, ఆ మూల మీది షాపా? వాడు బొత్తాలు ఊడగొడతాడు కదా!"

"ఊడగొట్టాడు. అన్నీ ఊడగొట్టాడు."

ముందు నవ్వింది ఎవరో నేను చెప్పలేను. కాసేపటికి బెర్నడీన్ చేతిసంచీ నేల మీద పెట్టింది.

"చెబుతారా మరి?" అంది.

"చెబుతాను. నీ కోసం అనుకోకు. నన్ను మంచంలో చూసి, ఆయన రాకూడదమ్మా అని చల్లగా చెప్పిపోయిన ఆ సూటువాడి మీద కసితో."

ఫ్లోరెన్స్‌కి ఎక్కువ దూరం వెళ్ళడం కష్టం కాబట్టి వాంగ్మూలం తీసుకోవడానికి అందరూ ఆవిడ వంటింటికే వచ్చారు. విట్‌కోంబ్ వస్తూనే కోటు మడిచి కుర్చీకి వేసి, ముందు బేస్‌మెంట్ చూస్తానన్నాడు. కిందికెళ్ళి వచ్చాక చేతులు కడుక్కున్నాడు. నిజానికి అక్కడ ముట్టుకోవడానికి ఏమీ లేదు. కూర్చున్నాక మాత్రం ఆయన పని ఆయన చేశాడు.

"ఆసుపత్రికి వచ్చిన వ్యక్తి పేరు చెప్పగలరా?"

"లేదు."

"కంపెనీ పేరు?"

"మీదే. పాత పేరు." చెప్పింది. సరిగ్గా చెప్పింది.

"అంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"చాక్లెట్ల డబ్బా మూత మీద అంటించి ఉంది. మా ఆయన అందులో మేకులు దాచుకునేవాడు. సుత్తి కోసం వెతికినప్పుడల్లా ఆ పేరు నా మొహాన కనబడేది."

"ఆ డబ్బా ఇప్పుడుందా?"

"చర్చి పాత సామాన్ల అమ్మకంలో పోయింది. మేకులతో సహా."

విట్‌కోంబ్ సానుభూతిగా తల ఊపాడు. "మిసెస్ కూబియాక్, మీ మాట కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ మా కంపెనీ చాలా శ్రద్ధగా వెతికించింది. వోయ్‌నార్ పేరుతో పాలసీ గానీ, చెల్లింపు గానీ ఏదీ లేదు."

ఫ్లోరెన్స్ ఆయన్ని, పాఠం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"విరిగింది తాడియస్ తుంటి కాదు కదా నాయనా. నాది. డబ్బు తీసుకున్నది నేను. నా పేరు మీద వెతికారా?"

గ్రెచెన్ మెల్లగా అంది, "అవును, మిస్టర్ విట్‌కోంబ్. వెతికారా?"

ఆయన కలానికి మూత పెట్టాడు. వెతకలేదని తర్వాత తెలిసింది. ఆ కాలంలో ఆ కంపెనీలో పరిహారం ఫైళ్ళు దెబ్బతిన్నవాళ్ళ పేరు మీద పెట్టేవారట, పాలసీ కొన్నవాళ్ళ పేరు మీద కాదు. ఆ పద్ధతి తెలిసిన ఉద్యోగులంతా ఎప్పుడో రిటైరైపోయారు. గ్రెచెన్ అడగ్గానే జడ్జి కూబియాక్ పేరుతో గోదాములు వెతకమని ఆదేశించాడు. ఫైలు బయటపడింది. తుంటి ఎముక, ఆసుపత్రి, చెక్కు, వాటి పైన వోయ్‌నార్ క్లీనర్స్ పాలసీ నంబరు. ఆ నంబరు పట్టుకుని వెళితే ఏటేటా తిరగరాసిన పాలసీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, మామగారు షాపు నడిపినన్నేళ్ళూ, బెర్నడీన్ చేతికి వచ్చాక మరికొన్నేళ్ళూ.

ఆ కబురు ఫోనులో విన్నప్పుడు బెర్నడీన్ సంతోషించలేదు. "మా నాన్న అన్నేళ్ళూ టంచనుగా ప్రీమియం కట్టాడన్న మాట. లేదు లేదు అంటూ ఎంత తిప్పారు!" అంది.

మే నెలలో కంపెనీ దారికొచ్చింది. నేల తవ్వించడానికి, ఇళ్ళ కింద ఆవిరి లాగే గొట్టాలు వేయించడానికి తామే ఖర్చు భరిస్తామంది. అయితే ఒక షరతు. బెర్నడీన్ ఇరుగుపొరుగువాళ్ళతో తప్పొప్పుల సంగతి మాట్లాడకూడదు. తప్పు నాదని ఎవరి దగ్గరా అనకూడదు. అంటే ఇస్తామన్నది మళ్ళీ ఆలోచించుకోవలసి వస్తుంది.

"అదే షరతు" అంది బెర్నడీన్. "మా నాన్నకి పెట్టిందే. మాటలు కూడా మార్చలేదు."

శుభ్రం చేసే పని గురించి చెప్పడానికి చర్చి హాల్లో పేటవాళ్ళందరికీ మీటింగు పెట్టారు. వెళ్ళేముందు గ్రెచెన్ మమ్మల్ని మెట్ల దగ్గర ఆపింది.

"ఏం చెయ్యబోతున్నారో నాకు తెలుసు. మన రాష్ట్రంలో శుభ్రం చేయించే బాధ్యత తప్పుతో సంబంధం లేకుండా ఎలాగూ మీదే. కాబట్టి మీరు నోరు విప్పినంత మాత్రాన వాళ్ళు తప్పించుకోలేరని నా నమ్మకం. కానీ అది నమ్మకమే, హామీ కాదు. వాళ్ళు పని ఆపేసి మళ్ళీ కోర్టుకి లాగొచ్చు. లాయరుగా నేను చెప్పాల్సింది, కూర్చోండి, మాట్లాడకండి అని."

"చెప్పావుగా" అంది బెర్నడీన్. "నీ డ్యూటీ అయిపోయింది."

నేనూ ఒక మాట అన్నాను. "బెర్నీ, పని మొదలయ్యాక చెప్పొచ్చు కదా. ముందు గొట్టాలు వెయ్యనీ."

"తర్వాత చెబుదాం అనుకునే మా నాన్న ఆగి ఉంటాడు లియో." కోటు విప్పి నా చేతిలో పెట్టింది. "నువ్వు ఇది పట్టుకో. చాలు."

హాలు నిండిపోయింది. ఫ్లోరెన్స్ ముందు వరసలో, చర్చిలో వోయ్‌నార్‌లు కూర్చునే ఎడమ వైపున కూర్చుంది. నాలుగు కాళ్ళ కర్ర దారికి అడ్డం పెట్టుకుంది. వెనకింటి జంట పసిపిల్లని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని ఉన్నారు. ఆఖరి వరసలో విట్‌కోంబ్ కూర్చున్నాడు. ఇంజనీరు గోడ మీద పటం చూపిస్తూ నేల కింద ఏది ఎటు పారుతోందో వివరించాడు. జనం ఆ రంగు మరకలో తమ ఇంటి కోసం వెతుక్కున్నారు. ఎవరో అడిగారు, ఇదంతా ఎలా జరిగింది అని. ఇంజనీరు విట్‌కోంబ్ వైపు చూసి నీళ్ళు నమిలాడు.

బెర్నడీన్ లేచి ముందుకి వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. విట్‌కోంబ్ సగం లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో ఒక దయ ఉందని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆయన అడ్డుపడి ఉండొచ్చు, పడలేదు.

కంపెనీ మాట వెనక్కి తీసుకోలేదని, వేసవిలోనే యంత్రాలు వచ్చాయని ఇప్పుడు నాకు తెలుసు. ఆ సాయంత్రం మాలో ఎవరికీ తెలియదు. ఆమెకి అస్సలు తెలియదు. తనకున్నదంతా పోగొట్టుకోవడానికి సిద్ధపడే అక్కడ నిలబడింది.

"ఎలా జరిగిందో నేను చెబుతాను" అంది. "ఆ నీళ్ళు మా నాన్న కాలవలో పోశాడు. ఆయన తర్వాత నేనూ పోశాను. పొయ్యమని చెప్పారు, పోశాం, కింద ఏమవుతోందో చూడలేదు. ఈ మాట మీతో చెప్పకూడదని నాకు షరతు పెట్టారు. చెబితే డబ్బు ఆపుతారట. ఆపుకోనివ్వండి, మళ్ళీ పోట్లాడతాను, ఆ పని నాకు బాగా వచ్చు. అది మా షాపులోంచే వచ్చింది. తప్పు మాది. నన్ను క్షమించండి."

ఆఖరి మాటల దగ్గర గొంతు సన్నబడిపోయింది. ముందు వరసలో ఫ్లోరెన్స్ కర్రతో నేల మీద కొట్టింది.

"ఇంకాస్త గట్టిగా చెప్పు అమ్మాయ్" అంది. "వెనక కూర్చున్న ఆ సూటాయనకి వినపడినట్టు లేదు."

బెర్నడీన్ ఊపిరి పీల్చుకుని, నేరుగా విట్‌కోంబ్ వైపు చూస్తూ, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.